అనుసంధాన దత్తాంశంలో నేమ్‌స్పేస్ ప్రిఫిక్సుల నిర్వహణ: కృష్ణా పశ్చిమ డెల్టా వరి వివరాలతో ఒక అనుభవం

బాపట్లలో రూపొందిన వరి రకాన్ని బీపీటీ 5204 అని వ్రాస్తాము. ఇందులో 5204 అనే అంకె ఒంటరిగా దేనినీ సూచించదు. ముందున్న మూడు అక్షరాలే అది ఏ పరిశోధన కేంద్రపు వరుసలోనిదో తెలుపుతాయి. మారుటేరు రకాలకు ఎంటీయూ, నెల్లూరు రకాలకు ఎన్‌ఎల్‌ఆర్, రాగోలు రకాలకు ఆర్‌జీఎల్, జగిత్యాల రకాలకు జేజీఎల్ అని ఉండడం మనకు తెలిసినదే. రెండు కేంద్రాలు ఒకే అంకెను వాడుకున్నా ముందక్షరాలు వేరు గనుక తికమక రాదు. కంప్యూటరు శాస్త్రంలో నేమ్‌స్పేస్ అని పిలిచే ఏర్పాటును వరి ప్రజననకారులు ఆ పేరు వినకముందే అమలు చేశారన్నమాట.

తెనాలి ప్రాంతపు రైతు "బీపీటీలు వేశాను" అంటే సాంబ మసూరి వేశాడని అర్థం. భావపురి సన్నాలుగా పేరున్న బీపీటీ 2270 కూడా బీపీటీయే గదా అని విత్తన దుకాణంలో ఎవరూ అడ్డు ప్రశ్న వేయరు. మాట్లాడే సందర్భమే అర్థాన్ని పూరిస్తుంది. కంప్యూటరుకు ఆ సందర్భం లేదు. దానికి ప్రతిసారీ పూర్తి చిరునామా చెప్పవలసిందే. చెప్పామని మనం అనుకొని, చెప్పకుండా ఊరుకున్నప్పుడు ఏమి జరుగుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరికరంగా పైథాన్ భాషలోని ఆర్‌డీఎఫ్‌లిబ్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీని తీసుకున్నాను. మన విద్యార్థులు ఎక్కువగా నేర్చుకుంటున్నది పైథాన్ కావడం ఇందుకు కారణం.

ప్రిఫిక్స్ అంటే ఏమిటి, ఏమి కాదు

అనుసంధాన దత్తాంశం, అనగా లింక్డ్ డేటా, అన్న భావనను 2006లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించారు. దీనిలో ప్రతి విషయానికీ వెబ్ చిరునామా రూపంలో ఒక గుర్తింపు ఉంటుంది. వరి రకం, పొలం, కొలత, ఊరు అన్నింటికీ ఇదే పద్ధతి. ప్రతి సమాచారాన్నీ కర్త, సంబంధం, విలువ అనే మూడు భాగాల త్రిపదిగా వ్రాస్తారు. "ఈ మడిలో వేసిన రకం బీపీటీ 5204" అన్నది ఒక త్రిపది. ఈ నమూనాకే ఆర్‌డీఎఫ్ అని పేరు.

పూర్తి చిరునామాలు పొడవుగా ఉంటాయి. ప్రతి వరుసలోనూ వాటిని వ్రాస్తే ఫైలు చదవడం అసాధ్యం. అందువల్ల చిరునామాలో పదేపదే వచ్చే మొదటి భాగాన్ని నేమ్‌స్పేస్‌గా గుర్తించి, దానికి ఒక పొట్టి పేరు పెడతారు. ఆ పొట్టి పేరే ప్రిఫిక్స్. ఫైలు మొదట్లో "బీపీటీ అంటే ఈ చిరునామా" అని ఒకసారి ప్రకటించి, ఆ తరువాత బీపీటీ:5204 అని వ్రాసుకుంటారు. టర్టిల్ అనే వ్రాత పద్ధతిలో ఈ ప్రకటన ఫైలు తలభాగంలో కనిపిస్తుంది.

విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఇక్కడే ఉంది. ప్రిఫిక్స్ దత్తాంశంలో భాగం కాదు. ఫైలును చదివిన వెంటనే లైబ్రరీ ఆ పొట్టి పేరును విప్పి, నేమ్‌స్పేస్ చిరునామా చివర 5204 అనే అక్షరాలను యథాతథంగా అతికిస్తుంది. గ్రాఫులో నిలిచేది ఆ అతికించిన పూర్తి చిరునామా మాత్రమే. రెండు చిరునామాలు ఒకటేనా కాదా అన్నది అక్షరం అక్షరం పోల్చి నిర్ణయిస్తారు. చివరి స్లాష్ ఉన్నది, లేనిది వేరువేరు. హెచ్‌టీటీపీతో మొదలయ్యేది, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేది వేరువేరు. ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవోక్ పదకోశంలో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి గనుక మనకు అది ఎంతో ఉపయోగకరం. దాని గుర్తింపు చిరునామాలన్నీ ఎస్ లేని హెచ్‌టీటీపీతోనే మొదలవుతాయి. భద్రత కోసమని ఎవరైనా సదుద్దేశంతో దానికి ఒక ఎస్ చేర్చితే, వారి వరి ఆగ్రోవోక్ వరి కాకుండా పోతుంది.

మూడు ఫైళ్లు, ఒక స్లాష్

ఒక సంవత్సరం ముగ్గురు విద్యార్థులకు తెనాలి, బాపట్ల, రేపల్లె మండలాల రైతు పొలాల వరి వివరాలను టర్టిల్ ఫైళ్లుగా తయారు చేసే పని అప్పగించాను. రకాలకు బీపీటీ అనే ప్రిఫిక్స్ వాడమని తరగతిలో నోటిమాటగా చెప్పాను. దాని వెనుక ఉండవలసిన చిరునామాను నల్లబల్లపై వ్రాశాను గాని, చివర స్లాష్ పెట్టానో లేదో ఇప్పటికీ గుర్తులేదు. తెనాలి, బాపట్ల ఫైళ్లలో స్లాష్ ఉన్నది. రేపల్లె ఫైలులో లేదు.

మూడు ఫైళ్లను వరుసగా ఒకే గ్రాఫులోకి చదివించి, బీపీటీ:5204 వేసిన పొలాల సగటు దిగుబడి అడిగాము. సమాధానం వచ్చింది. ఏ తప్పు సందేశమూ రాలేదు. సగటు చూడముచ్చటగా ఉన్నది. అది మరీ చూడముచ్చటగా ఉండడమే నాకు అనుమానం కలిగించింది. రేపల్లె పొలాలలో చాలా భాగం సముద్రానికి దగ్గరగా, కాలువ చివరన ఉండి, చౌడు సమస్యను ఎదుర్కొనేవి. అవి కలిస్తే సగటు కొంత తగ్గాలి. తగ్గలేదంటే అవి లెక్కలోకే రాలేదని అర్థం.

గ్రాఫును తిరిగి టర్టిల్‌గా వ్రాయించి చూడగా తలభాగంలో బీపీటీ ప్రక్కనే బీపీటీ1 అనే కొత్త ప్రిఫిక్స్ కనిపించింది. అది మాలో ఎవరమూ పెట్టినది కాదు. రేపల్లె పొలాలన్నీ బీపీటీ1:5204 అనే వేరొక రకాన్ని పండించినట్లు నమోదయ్యాయి. స్లాష్ లేనందున ఆ చిరునామాలో రకం అనే మాటకూ 5204కూ మధ్య ఎడం లేకుండా రెండూ అతుక్కుపోయాయి.

ఆ తరువాత ఫైళ్లు చదివించే క్రమాన్ని తిరగవేసి, రేపల్లె ఫైలును మొదట పెట్టాము. ఈసారి అదే ప్రశ్నకు రేపల్లె పొలాలు మాత్రమే వచ్చాయి, సగటు పడిపోయింది. ఒక్క త్రిపది మారలేదు, ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు, చదివిన క్రమాన్ని బట్టి సమాధానం మారింది. ఆ లెక్కలు తరగతి గది దాటలేదు గనుక సరిపోయింది. అవే అంకెలతో రకాల సిఫారసు పత్రం వ్రాసి ఉంటే, కాలువ చివరి రైతుకు ఆ రకం గురించి మనం చెప్పే మాటలో అతని పొలమే ఉండేది కాదు.

లైబ్రరీ ఏమి చేసింది

ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో ప్రతి గ్రాఫుకూ ఒక నేమ్‌స్పేస్ మేనేజర్ ఉంటుంది. ఏ ప్రిఫిక్స్ ఏ చిరునామాకు అన్న పట్టికను అది నిర్వహిస్తుంది. పట్టికలో కొత్త జతను చేర్చే ఆదేశం పేరు బైండ్. మనం స్వయంగా ఇచ్చినా, చదివిన ఫైలు తలభాగం నుండి లైబ్రరీ తానే తీసుకున్నా ఈ ఆదేశమే పనిచేస్తుంది. దీనికి రెండు మీటలు ఉన్నాయి. వీటిని కలగాపులగం చేసుకోవడం సర్వసాధారణం కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాము.

మొదటిది ఓవర్‌రైడ్. ఒక చిరునామాకు ఇదివరకే ఒక ప్రిఫిక్స్ ఉండగా, అదే చిరునామాకు మనం మరొక పేరు ఇచ్చినప్పుడు ఇది పనికి వస్తుంది. మామూలుగా ఇది తెరచి ఉంటుంది, కొత్త పేరు పాత పేరు స్థానాన్ని ఆక్రమిస్తుంది. రెండవది రీప్లేస్. ఒక ప్రిఫిక్స్ ఇదివరకే ఒక చిరునామాకు చెంది ఉండగా, అదే ప్రిఫిక్స్‌ను వేరొక చిరునామాకు ఇవ్వబోయినప్పుడు దీని అవసరం వస్తుంది. మామూలుగా ఇది మూసి ఉంటుంది. మూసి ఉన్నప్పుడు లైబ్రరీ పాత జతను కదిలించదు, కొత్త చిరునామాకు ఆ పేరు చివర ఒకటి చేర్చి ఇస్తుంది. ఒకటి కూడా వాడుకలో ఉంటే రెండు, అలా ముందుకు పోతుంది. మా బీపీటీ1 పుట్టుక ఇదే.

ఈ నడతను లోపమని నేను అనను. ముందు వచ్చిన వారి పేరును కాపాడడం సబబైన నియమమే. నాకున్న అభ్యంతరం అది మౌనంగా జరగడం గురించి. బైండ్ ఆదేశం హెచ్చరిక ఇవ్వదు, చివరకు ఏ పేరు ఖాయమైందో తిరిగి చెప్పదు. పైగా, స్పార్క్‌ల్ భాషలో ప్రశ్న అడిగేటప్పుడు ప్రిఫిక్సులను ప్రకటించకపోతే ఆర్‌డీఎఫ్‌లిబ్ గ్రాఫులోని పట్టికనే వాడుకుంటుంది. సౌకర్యంగా కనిపించే ఈ వెసులుబాటు వల్లనే మా ప్రశ్నలోని బీపీటీ, మొదట చదివిన ఫైలు చిరునామాకు వెళ్లింది. ప్రశ్న తలభాగంలోనే పూర్తి చిరునామాతో ప్రిఫిక్స్‌ను ప్రకటించి ఉంటే చదివిన క్రమం సమాధానాన్ని మార్చగలిగేది కాదు. అలా ప్రకటించని ప్రశ్న వేరే దత్తాంశ సర్వరుకు తీసుకువెళితే అసలు నడవకపోవచ్చు కూడా.

అప్పట్లో ఒక విద్యార్థి రీప్లేస్ మీటను తెరచి సమస్యను పరిష్కరించానని ఉత్సాహంగా వచ్చాడు. నిజానికి అలా చేస్తే బీపీటీ అనే పేరు కొత్త చిరునామాకు తరలిపోతుంది, అంతే. త్రిపదులు ఎక్కడివక్కడే ఉంటాయి. గడపపై నామఫలకం మార్చినంత మాత్రాన ఇంట్లోని మనుషులు మారరు గదా. దిద్దవలసింది రేపల్లె ఫైలు తలభాగంలోని చిరునామాను. దానిని దిద్ది, కొత్త గ్రాఫులోకి మూడు ఫైళ్లనూ మళ్లీ చదివించిన తరువాతే లెక్క కుదిరింది.

లైబ్రరీతో వచ్చే పేర్లు

ఖాళీ గ్రాఫు తెరచినా పట్టిక ఖాళీగా ఉండదు. ఇటీవలి వెర్షన్లలో, మనం ఏమీ చెప్పకపోతే, లైబ్రరీకి తెలిసిన ప్రసిద్ధ నేమ్‌స్పేసులన్నీ ముందే జతచేయబడి ఉంటాయి. కోర్ అని కోరితే ఆర్‌డీఎఫ్‌కు మూలమైన కొద్దిపాటివి మాత్రమే వస్తాయి, నన్ అంటే అవీ రావు.

పొలాల అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసేవారికి ఇందులో ఒక గుంట ఉంది. డబ్ల్యూ3సీ వారి పాత భౌగోళిక పదజాలంలో అక్షాంశం, రేఖాంశం అనే పదాలు ఉన్నాయి. లోకంలో చాలామంది దానికి జియో అనే ప్రిఫిక్స్ వాడతారు. ఆర్‌డీఎఫ్‌లిబ్ మాత్రం జియో అనే పేరును జియోస్పార్క్‌ల్ అనే వేరొక పదజాలానికి కేటాయించింది. కాబట్టి అక్షాంశాలున్న ఫైలును మామూలు గ్రాఫులోకి చదివిస్తే అవి జియో1 కిందికి పోతాయి. జియో:లాట్ అని ప్రశ్న వేస్తే ఒక్క పొలమూ రాదు. స్కీమా డాట్ ఆర్గ్ విషయంలోనూ ఇదే గొడవ. లైబ్రరీ దానిని హెచ్‌టీటీపీఎస్‌తో గుర్తిస్తుంది, పాత ఫైళ్లలో హెచ్‌టీటీపీ ఉంటుంది, ఫలితం స్కీమా1. ఇకపోతే ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని కనిపించేవి వేరు జాతి. పేరు పెట్టని నేమ్‌స్పేసుకు వ్రాసే సమయంలో లైబ్రరీ తానే పెట్టిన తాత్కాలిక పేర్లవి. వాటివల్ల దత్తాంశానికి హాని లేదు, చదివేవారికి మాత్రం విసుగు.

మన పరిభాషకు ప్రత్యేకమైన ఇబ్బందులు

పైథాన్‌లో ఒక నేమ్‌స్పేసును నిర్వచించుకున్న తరువాత చుక్క పెట్టి పదాన్ని వ్రాస్తే పూర్తి చిరునామా తయారవుతుంది. సస్య శాస్త్రజ్ఞులకు ఇది మొదటి రోజే ఎదురు తిరుగుతుంది. దిగుబడికి ఆంగ్లంలో ఉన్న ఈల్డ్ అనే మాట పైథాన్ తనకోసం ఉంచుకున్న ప్రత్యేక పదం. చుక్క తరువాత దానిని వ్రాస్తే ప్రోగ్రాము మొదలే కాదు. కంకుల సంఖ్య కోసం కౌంట్ అని, పంట సూచిక కోసం ఇండెక్స్ అని వ్రాస్తే మరో తంటా. ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో నేమ్‌స్పేస్ అనేది లోలోపల ఒక అక్షరమాలిక గనుక, అక్షరమాలికలకు పుట్టుకతో ఉన్న కౌంట్, ఇండెక్స్ అనే పనులే చేతికి వస్తాయి, మన చిరునామా రాదు. 5204 వంటి అంకెలను చుక్క తరువాత వ్రాయడానికి భాషే ఒప్పుకోదు. ఈ చిక్కులన్నింటికీ మందు ఒక్కటే. చుక్కకు బదులు చదరపు కుండలీకరణాలలో, కొటేషన్ గుర్తుల మధ్య పదాన్ని వ్రాయాలి. నేను విద్యార్థులకు చుక్క పద్ధతిని అసలు నేర్పడం మానివేశాను.

వర్ణక్రమ దోషాల సంగతి ఇంతకంటే నిగూఢం. మామూలు నేమ్‌స్పేస్ ఏ పదాన్నయినా అంగీకరిస్తుంది. పంట ఎత్తు అనే సంబంధాన్ని ఒకచోట ఒక అక్షరం తప్పుగా వ్రాస్తే, తప్పు పేరుతో కొత్త సంబంధం పుడుతుంది. డిఫైన్డ్‌నేమ్‌స్పేస్ అనే రూపంలో అనుమతించిన పదాల జాబితా ముందే ఇస్తే, జాబితాలో లేని పదానికి లైబ్రరీ హెచ్చరిస్తుంది, కోరితే ఆగిపోతుంది కూడా. కొలతల పదజాలానికి ఇది తప్పనిసరి చేసుకోవడం మంచిది. రకాల పట్టిక ఏటా పెరుగుతుంది కాబట్టి దానికి ఈ బిగింపు అవసరం లేదు.

సంబంధాల పేర్లను అంకెతో మొదలుపెట్టరాదన్న జాగ్రత్త కూడా ఉంది. టర్టిల్ దానిని సహిస్తుంది. కాని అదే గ్రాఫును ఎక్స్‌ఎంఎల్ రూపంలో వ్రాయవలసి వస్తే, ఎక్స్‌ఎంఎల్ మూలకాల పేర్లు అంకెతో మొదలు కావడానికి వీలులేదు. వెయ్యి గింజల బరువును 1000తో మొదలుపెట్టే అలవాటు మనవారిలో చాలామందికి ఉన్నది.

ప్రిఫిక్స్‌ను తెలుగులోనే వ్రాయవచ్చునా అని విద్యార్థులు అడుగుతుంటారు. 2014లో ప్రమాణంగా వెలువడిన టర్టిల్ తెలుగు అక్షరాలను అనుమతిస్తుంది. అయినా నేను ప్రోత్సహించను. ఆర్‌జీఎల్ అన్న మాటలో పొల్లు తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని కీబోర్డులు దానిని పెడతాయి, కొన్ని పెట్టవు. తెరపై దాదాపు ఒకేలా కనిపించే రెండు పేర్లు కంప్యూటరుకు రెండవుతాయి. తెలుగుకు తగిన స్థానం చిరునామా కాదు, లేబుల్. బీపీటీ 5204కు "సాంబ మసూరి" అని తెలుగు భాష గుర్తుతో లేబుల్ ఇస్తే, వెతికేవారికి తెలుగులోనే దొరుకుతుంది, గుర్తింపు మాత్రం స్థిరంగా ఉంటుంది.

చిరునామాలో ఏమి ఉండరాదు

ప్రిఫిక్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చిరునామాను మారిస్తే దానిని వాడిన ప్రతి ఫైలూ అనాథ అవుతుంది. అందుచేత చిరునామాలో కాలంతో మారే వాటిని చొప్పించకూడదు. మన ప్రాంతంలో ఏవి మారతాయో చూడడానికి దూరం వెళ్లనక్కరలేదు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుండి 26 అయ్యాయి. అంతవరకు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనివే. ఆ రోజు నుండి తెనాలి గుంటూరులోనే ఉండగా, బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. రేపల్లె పొలాల చిరునామాలో గుంటూరు అని చొప్పించినవారు రెండు మార్గాల మధ్య ఇరుక్కున్నారు. మార్చితే పాత దత్తాంశంతో లింకు తెగుతుంది, మార్చకపోతే చిరునామా అబద్ధం చెబుతుంది. ఊరికి ఒక మారని సంకేతం ఇచ్చి, అది ఏ జిల్లాలో ఏ తేదీ నుండి ఉన్నదో వేరే త్రిపదులుగా వ్రాసి ఉంటే ఈ అవస్థ లేదు. పాత గుంటూరు జిల్లా సగటును కొత్త గుంటూరు సగటుతో పోల్చే పొరపాటు కూడా అప్పుడు తప్పుతుంది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ సంకేతాలు ఇందుకు అక్కరకు వస్తాయి.

సంస్థల పేర్లూ అంతే. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా ఏర్పడినది 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందింది. 2014 రాష్ట్ర విభజన తరువాత జగిత్యాల, రాజేంద్రనగర్ వంటి కేంద్రాలు తెలంగాణ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. కాని జగిత్యాల సన్నాలు ఇప్పటికీ జేజీఎల్ 1798యే. పాలన మారినా పేరు మారకపోవడానికి కారణం, ఆ అక్షరాలు ఊరిని సూచించాయే గాని యాజమాన్యాన్ని కాదు. విశ్వవిద్యాలయపు వెబ్‌సైటు పేరుపైనే నేమ్‌స్పేస్ కట్టేవారు దీనిని గమనించాలి. డబ్ల్యూ3ఐడీ వంటి శాశ్వత చిరునామా సేవలో నమోదు చేసుకుంటే, వెనుక సర్వరు ఎక్కడికి మారినా ముందు చిరునామా అలాగే ఉంటుంది.

ప్రస్తుతం అనుసరిస్తున్న పద్ధతి

ఆ అనుభవం తరువాత నోటిమాటగా ప్రిఫిక్స్ చెప్పడం మానుకున్నాను. ప్రిఫిక్స్, పూర్తి చిరునామా, చివర స్లాషా హ్యాషా, ఎవరు ఎప్పుడు చేర్చారు అన్న వివరాలతో ఒకే ఒక పైథాన్ ఫైలు ఉంటుంది. పని చేసేవారందరూ దానినే దిగుమతి చేసుకుంటారు, సొంతంగా ప్రకటించడం ఉండదు. గ్రాఫును కోర్ పట్టికతో తెరిచి, ఏ ఫైలునూ చదవకముందే మా జతలన్నీ బైండ్ చేస్తాము. అప్పుడు ముందు వచ్చిన పేరు ఎప్పుడూ మాదే అవుతుంది. తెనాలి ఫైలా రేపల్లె ఫైలా ఏది ముందు అన్న ప్రశ్న రాదు.

ప్రతి ఫైలు చదివిన వెంటనే గ్రాఫులోని జతలన్నింటినీ బయటకు తీసి మా పట్టికతో పోల్చే పది వరుసల తనిఖీ ఒకటి నడుస్తుంది. పట్టికలో లేని చిరునామా కనబడితే, లేదా అంకెతో ముగిసే అపరిచిత ప్రిఫిక్స్ కనబడితే, పని ఆగిపోతుంది. దీనితో పాటు కంప్యూటరుతో సంబంధం లేని మరొక తనిఖీ కూడా పెట్టుకున్నాము. ఏ సగటు వేసినా ప్రక్కన మండలాల వారీగా పొలాల సంఖ్య ముద్రించాలి. రేపల్లె ఎదురుగా సున్నా ఉంటే ఎవరికైనా కనిపిస్తుంది.

క్రిందటి సారి ఈ తనిఖీ ఆపినది మినుము ఫైలును. లాంలో రూపొందిన ఎల్‌బీజీ 752ను ఒక విద్యార్థిని ఎల్ అనే ప్రిఫిక్స్ క్రింద బీజీ752 అని విడదీసి వ్రాసింది. వరి అక్షరాలు కేంద్రాన్ని మాత్రమే చెబుతాయి, ఎల్‌బీజీలో కేంద్రంతో పాటు పంట పేరు కూడా కలిసి ఉంటుంది గనుక ఆమె తర్కంలో తప్పు లేదు. పట్టికలో ఎల్‌బీజీని ఒకే నేమ్‌స్పేస్‌గా చేర్చి, ప్రక్కన ఆమె అడిగిన ప్రశ్నను కూడా వ్యాఖ్యగా వ్రాసి ఉంచాము.